పురుగుకున్న తెలివి

చేవెళ్ల మండలం ముడిమ్యాల టమాటా చేలల్లో ఎగిరే తెల్లదోమకు ఆధార్ కార్డు లేదు, ఓటు లేదు, డిగ్రీ అసలే లేదు. అయినా ఒక్క విషయంలో అది మనకన్నా నాలుగాకులు ఎక్కువే చదివింది. నికోటిన్ తగిలితే వణుకుతుంది, కాళ్లు కొట్టుకుంటుంది, రాలిపోతుంది. అంతేగానీ, "పొద్దుగాల్నుంచి పరేషాన్‌గ ఉంది, ఇంకొక్కటి పీలిస్తే దిమాక్ పనిచేస్తది" అని అదే విషం కోసం వెతుక్కుంటూ పోయిన తెల్లదోమను ఇంతవరకు ఏ వ్యవసాయాధికారీ చూసిన దాఖలా లేదు. ఆ పని చేసే ప్రాణి వేరే ఉంది. చేవెళ్లలోనో మొయినాబాద్‌లోనో పాన్ డబ్బా పక్కన రెండు కాళ్ల మీద నిలబడి ఉంటుంది. దానికి ఆధార్ కార్డు ఉంది.

ముందు పొగాకు మొక్క సంగతి. పాపం, దానికి మన మీద ప్రేమా లేదు, పగా లేదు. పారిపోలేదు, పోలీస్ స్టేషన్‌కు పోయి ఫిర్యాదు రాసివ్వలేదు. కాబట్టి తనను కొరికే పురుగులను వదిలించుకోవడానికి వేళ్లలో ఒక విషం తయారుచేసుకుని ఆకులకు పంపుతుంది. పురుగు కొరికినకొద్దీ మోతాదు పెంచుతుంది. అదే నికోటిన్. 1560 ప్రాంతంలో లిస్బన్‌లో ఫ్రాన్స్ రాయబారిగా ఉన్న జాన్ నికో ఈ ఆకును తలనొప్పికి మంచిదని తమ రాణిగారికి పంపించాడు. విషానికి ఆయన పేరే స్థిరపడింది. 1828లో హైడెల్‌బర్గ్‌లో ఇద్దరు జర్మన్లు దాన్ని ఆకు నుంచి విడదీసి, ఇది పచ్చి విషమని తేల్చారు. మందుగా వచ్చి విషంగా తేలిన సరుకును లోకం అవతల పారేసి ఉంటుందని మీరనుకుంటే, లోకం గురించి మీకు చాలా మంచి అభిప్రాయం ఉన్నట్టు.

మన రైతులకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు అగ్నిఅస్త్రం కాస్తారు. పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకు దంచి గోమూత్రంలో మరగబెట్టి, వడగట్టి పైరు మీద కొడతారు. పూర్వం నికోటిన్ సల్ఫేట్ అనే పురుగుమందు కూడా ఉండేది. 1992లో మన దేశం దాని వాడకాన్ని నిషేధించింది. ఎగుమతి కోసం తయారుచేసుకోవచ్చట, మన చేలల్లో మాత్రం చల్లకూడదట. ఇప్పుడు తెల్లదోమకు, పేనుబంకకు కొడుతున్న ఇమిడాక్లోప్రిడ్ కూడా నికోటిన్ దారిలోనే పనిచేసే మందు. పురుగు నరాల్లో నికోటిన్ ఎక్కడ అతుక్కుంటుందో ఇదీ అక్కడే అతుక్కుంటుంది. ఒక్క తేడా. ఈ కొత్త మందు పురుగుకు గట్టిగా, మనిషికి తక్కువగా అతుక్కుంటుంది. పొగాకు మొక్కకు ఆ పక్షపాతం లేదు. పురుగునూ మనిషినీ సమానంగా చూసే సామ్యవాది అది.

ఇక చేను గట్టు మీద జరిగే ముచ్చట వినండి. బ్యాటరీ పంపు వీపున వేసుకుని, మూతికి రుమాలు కట్టుకుని, పొద్దటి పూటంతా టమాటాకు మందు కొట్టిన కాకా గట్టు మీద కూర్చున్నాడు. రుమాలు విప్పి పక్కన పెట్టాడు. బొడ్లోంచి బీడీ కట్ట తీశాడు. పట్నంలో చదువుకుంటున్న అన్న కొడుకు చూశాడు.

"కాకా, గా రుమాలు ఎందుకు గట్టుకున్నవే?"

"మందు గాలి లోపటికి పోతే పానానికి మంచిది గాదు బిడ్డా. డబ్బా మీద రాసి ఉంటది."

"మరి ఇప్పుడెందుకు ఇప్పినవ్?"

"ఇప్పకపోతే బీడీ ఎట్ల తాగాలె?"

ఇంత స్పష్టమైన తర్కానికి ఏ యూనివర్సిటీ జవాబు చెప్పగలదు! పురుగుమందు పీల్చకుండా రుమాలు కట్టుకోవడం జాగ్రత్త. పురుగుమందు పీల్చడానికి రుమాలు విప్పుకోవడం విశ్రాంతి. పట్నం పోరడు కూడా నవ్వి ఊరుకున్నాడు, ఎందుకంటే వాడి జేబులో లైటర్ ఉంది.

మొదటి రోజు మన ఒళ్లు కూడా పురుగంత తెలివిగానే ప్రవర్తిస్తుంది. మొదటి దమ్ముకు దగ్గు తెర వస్తుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, తల గిర్రున తిరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. ఒళ్లు తన భాషలో తాను "వద్దురా నాయనా" అని ఇంతకన్నా గట్టిగా ఎలా చెబుతుంది? కానీ పక్కనే స్నేహితులుంటారు. "అలవాటైతది లేరా" అని వీపు తడతారు. అదొక్కటే వాళ్లు చెప్పిన నిజం. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. మన స్నేహితులు అంతకన్నా ఉదారులు, చుట్టతో పాటు నిప్పు కూడా వాళ్లే ఇస్తారు.

ఆ అలవాటు ఎలా అవుతుందో చూడండి. ఒక్కో సిగరెట్ నుంచి ఒంట్లోకి చేరేది ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాముల నికోటిన్. పీల్చిన 10 నుంచి 20 సెకన్లలో మెదడుకు చేరుతుంది. నరంలోకి ఎక్కించిన మందు కూడా అంత తొందరగా చేరదు. మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే మన సొంత రసాయనం కోసం కొన్ని గ్రాహకాలున్నాయి. జ్ఞాపకం, శ్రద్ధ, మెలకువ లాంటి పనుల్లో వాటికి చేయి ఉంది. నికోటిన్ వచ్చి వాటి మీద కూర్చుంటుంది. డోపమైన్ కారుతుంది. "ఆహా, ఇదేదో మంచి పని, మళ్లీ చెయ్యి" అని మెదడు రాసిపెట్టుకుంటుంది. అన్నం తిన్నప్పుడు, బిడ్డ నవ్వినప్పుడు, నాలుగు రోజుల ముసురు తర్వాత ఎండ కాసినప్పుడు రాసుకునే అదే పుస్తకంలో ఇదీ రాసుకుంటుంది. రోజుకు 20 సిగరెట్లు, ఒక్కోదానికి పది దమ్ములు లెక్క వేసుకున్నా, 200 సార్లు.

పక్కనే చిలుకూరు బాలాజీ ఉన్నాడు. కోరిక కోరుకుంటే 11 ప్రదక్షిణలు, తీరితే 108. ఆ 108 తిరగడానికి కాళ్లు నొస్తున్నాయని వాయిదాలు వేసే భక్తుడు, గుడి బయటికి రాగానే పాన్ డబ్బా ఎక్కడుందని వెతుకుతాడు. స్వామికి కోరిక తీరాక ఒక్కసారి 108. సిగరెట్‌కు ఏ కోరికా తీరకుండానే రోజుకు 200. భక్తి ఎక్కడుందో మీరే చెప్పండి.

ఇలా రోజూ 200 సార్లు తట్టిలేపితే గ్రాహకాలు మొద్దుబారతాయి. మెదడు ఊరుకుంటుందా, వాటి సంఖ్య పెంచుతుంది. ఇప్పుడు వాటన్నిటికీ మేత కావాలి. నికోటిన్ చూస్తే రక్తంలో రెండు గంటలకు సగమైపోతుంది. మేత తగ్గగానే గ్రాహకాలు ఖాళీగా కూర్చుంటాయి, మనిషికి చిరాకు మొదలవుతుంది. చేతులు ఊరికే ఉండవు, పని మీద మనసు నిలవదు, ఎదుటివాడి ముఖం చూస్తే కోపం వస్తుంది. రాత్రంతా నిద్రలో పస్తున్న మెదడుకు తెల్లవారి మొదటి సిగరెట్ అమృతంలా ఉంటుంది. "ఒక్కటి పడ్తెగానీ కడుపు కదలది, కండ్లు తెరుచుకోవు" అనే మహానుభావులు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. నిజానికి ఆ పొద్దున వాళ్లకున్న జబ్బు రాత్రి తాగిన చివరి సిగరెట్ పెట్టిందే.

ఇక్కడే అసలు మోసం. "టెన్షన్ తగ్గడానికి తాగుత" అంటాడు తాగేవాడు. ఒక షావుకారు ఉన్నాడనుకోండి. మీరు అడగకుండానే మీ పేర అప్పు రాసుకున్నాడు. గంటగంటకూ తలుపు కొట్టి మిత్తి అడుగుతాడు. కట్టేదాకా గుమ్మంలో నిలబడి పరువు తీస్తాడు. కట్టగానే ఓ గంట కనబడడు. అప్పుడు మీరు "హమ్మయ్య" అంటారు. ఆ హమ్మయ్యకే రిలాక్సేషన్ అని పేరు పెట్టుకుని, షావుకారు ఫొటోకు దండ వేస్తున్నారు మీరు. సిగరెట్ తాగినప్పుడు తగ్గే చిరాకులో ఎక్కువ భాగం సిగరెట్ లేకపోవడం వల్ల పుట్టిన చిరాకే. తాగనివాడికి ఆ చిరాకు అసలు లేదు. అతను మామూలుగా ఉండడానికి రూపాయి ఖర్చు పెట్టడు. మీరు మామూలుగా ఉండడానికి రోజుకు ఒక పెట్టె కొంటున్నారు.

నమ్మరా? 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ 26 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి వేసింది. మానేసినవాళ్లలో ఆందోళన, దిగులు, ఒత్తిడి తగ్గాయి. తాగుతూనే ఉన్నవాళ్లకు ఆ లాభం లేదు. కానీ అధ్యయనాలు చదవడానికి మనసు కుదురుగా ఉండాలి. మనసు కుదురుగా ఉండాలంటే ఒక సిగరెట్ కావాలి. అందుకే ఆ విశ్లేషణ మన దాకా రాలేదు.

మనసు నెమ్మదించిందని ఈయన కళ్లు మూసుకుని పొగ వదులుతుంటాడా, లోపల ఒళ్లు ఏం చేస్తోంది? నికోటిన్ అడ్రినలిన్‌ను లేపింది. గుండె నిమిషానికి 10 నుంచి 20 సార్లు అదనంగా కొట్టుకుంటోంది. రక్తనాళాలు ముడుచుకుంటున్నాయి, బీపీ పెరుగుతోంది. ఆకలి చచ్చిపోతోంది. ఇన్సులిన్ మాట ఒళ్లు సరిగా వినడం లేదు. కుక్క తరిమితే మనిషి ఒంట్లో జరిగే హడావుడిలో సగం చెట్టు నీడన కూర్చున్నవాడి ఒంట్లో జరుగుతోంది. పైకి మాత్రం ప్రశాంతత! ఇక కేన్సర్ పాపం నికోటిన్‌ది పెద్దగా కాదు. పొగలో ఉన్న 7,000కు పైగా రసాయనాల్లో, తారులో, కనీసం 70 కేన్సర్ కారకాలున్నాయి. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. చంపే పని వీళ్లది. రేపు మళ్లీ మిమ్మల్ని అదే చోటికి తీసుకొచ్చే పని నికోటిన్‌ది. ఎవరి డ్యూటీ వాళ్లు నిక్కచ్చిగా చేస్తున్నారు.

ఆదివారం సంగతి చెప్పుకోకపోతే మా ప్రాంతానికి అన్యాయం చేసినట్టు. అప్పా జంక్షన్ దాటిన కార్లన్నీ మొయినాబాద్ ఫామ్‌హౌస్‌ల వైపు బారులు తీరతాయి. ఎందుకయ్యా అంటే స్వచ్ఛమైన గాలి కోసం. బీజాపూర్ రోడ్డు మర్రిచెట్లు నరకవద్దని పట్నం జనం ఉద్యమాలు చేశారు. చాలా మంచి పని. ఆ మర్రి కిందే కారు ఆపి, ఛాతీ నిండా గాలి పీల్చి, "వాట్ ఏ ఆక్సిజన్!" అని, ఆ ఆక్సిజన్‌కు తోడుగా ఒకటి వెలిగిస్తారు. వందేళ్ల చెట్టును కాపాడాలి, యాభై ఏళ్ల ఊపిరితిత్తిని మాత్రం కాల్చాలి. చెట్టుకైతే కోర్టులున్నాయి, ఊపిరితిత్తికి ఎవరున్నారు?

"సర్కారు ఉంది కదా" అనకండి. ఉంది, గట్టిగానే ఉంది. మన సర్కారుకు నికోటిన్ మీద ఉన్న స్పష్టత చూస్తే ముచ్చటేస్తుంది. చేను మీద చల్లకూడదు, 1992లో ఆపారు. తినే పదార్థాల్లో పొగాకు గానీ నికోటిన్ గానీ కలపకూడదు, 2011 ఆహార భద్రతా నిబంధనల్లో రాశారు. ఆవిరి చేసి పీల్చకూడదు, 2019లో ఈ-సిగరెట్లను నిషేధించారు. చల్లరాదు, తినరాదు, ఆవిరి పట్టరాదు. ఇక మిగిలింది కాల్చి పీల్చడం. అది అన్నిట్లోకీ ఎక్కువ మందిని చంపుతుంది కాబట్టి దానికి లైసెన్సు, పన్ను రసీదు, గుంటూరులో ఒక బోర్డు. 1976లో పెట్టిన ఆ పొగాకు బోర్డు వాణిజ్య శాఖ కింద పంటకు వేలం వేయించి ఎగుమతి పెంచుతుంది. ఆరోగ్య శాఖ అదే పంట పెట్టె మీద కుళ్లిన నోటి బొమ్మ వేయిస్తుంది. ఆర్థిక శాఖ ఆ బొమ్మ కళ్లకద్దుకుని పన్ను తీసుకుంటుంది. జీవిత బీమా సంస్థ టర్మ్ పాలసీలో పొగతాగేవాడి దగ్గర ప్రీమియం ఎక్కువ పుచ్చుకుంటుంది. అదే సంస్థకు దేశంలోకెల్లా పెద్ద సిగరెట్ కంపెనీ ఐటీసీలో 15 శాతం దాకా వాటా ఉంది. మీరు బతికితే ప్రీమియం, తాగితే డివిడెండు. తిలా పాపం తలా పిడికెడు అంటే ఇదే.

బొమ్మ అన్నాను కాబట్టి అది ఎవరు చూస్తున్నారో కూడా చెప్పుకుందాం. 2016 నుంచి పెట్టె మీద 85 శాతం స్థలం హెచ్చరికకే. భలే! కానీ మన దగ్గర పెట్టె కొనేదెవరు? చాలామంది కొనేది విడిగా ఒకటి, రెండు. పెట్టె డబ్బావాడి దగ్గరే ఉంటుంది. కొన్నవాడికి చేతికొచ్చేది తెల్లగా, శుభ్రంగా, ఏ బొమ్మా లేని సిగరెట్. అంటే ఆ భయంకరమైన బొమ్మను రోజంతా చూసేది పాన్ డబ్బా అన్న ఒక్కడే. ఆయనకు అలవాటే లేకపోవచ్చు. బడికి వంద గజాల లోపు అమ్మకూడదని చట్టం. కొలవడానికి టేపు ఎవరి దగ్గరా లేదు. బహిరంగ స్థలంలో తాగితే 200 రూపాయల దాకా జరిమానా. 2008 అక్టోబర్ 2న గాంధీగారి పుట్టినరోజు చూసి మరీ అమలు మొదలుపెట్టారు. అహింసకు అంతకన్నా అవమానం ఏముంది? సినిమాకు ముందు హెచ్చరిక తప్పనిసరి చేశారు. "ఈ నగరానికి ఏమైంది" అని ఆ ప్రకటన గొంతు చించుకుంటే, 2018లో అదే పేరుతో ఓ హాస్య చిత్రం వచ్చి బాగా ఆడింది. హెచ్చరికను జోకుగా మార్చుకోగలిగిన జాతిని నికోటిన్ ఏం భయపెడుతుంది?

అసలు మన రాజధాని ఘనత వేరు. 1930లో నిజాం హైదరాబాద్‌లో పుట్టిన వజీర్ సుల్తాన్ పొగాకు కంపెనీ తన సిగరెట్‌కు ఏరికోరి చార్మినార్ పేరు పెట్టింది. 1591లో, ప్లేగు వదిలిపోయినందుకు కట్టారని జనం చెప్పుకునే కట్టడం అది. మహమ్మారి పోయిన గుర్తును తీసుకెళ్లి ఇంకో మహమ్మారి పెట్టె మీద అంటించారు. నాలుగు మినార్లు కనిపిస్తుంటే ఊపిరి పీల్చుకోవాలో, పొగ పీల్చుకోవాలో తెలియని పరిస్థితి.

"కార్మికుల పొట్ట కొడతారా?" అని వెంటనే ఎవరో లేస్తారు. ఆ ప్రశ్న అడిగేది ఎప్పుడూ కార్మికులు కాదు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్లల్లో వెయ్యి బీడీలకు ఇంత అని కూలికి చేటలో తునికాకు, పొగాకు పెట్టుకుని చుట్టే ఆడవాళ్లను నేను ఒక్క మాట అనను. ఆ పొగాకు దుమ్ము వాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ప్రకాశం, ఉమ్మడి పశ్చిమ గోదావరి తోటల్లో తడి ఆకు కోసే కూలీల చర్మంలోంచే నికోటిన్ లోపలికి దిగి వాంతులు, తలతిరుగుడు వస్తాయి. జీవితంలో ఒక్క దమ్ము కొట్టని మనిషికి కూడా నికోటిన్ విషం ఎక్కుతుంది. వాళ్లకు వేరే పని, మంచి కూలి చూపించమంటే ఎవరూ నోరెత్తరు. వాళ్ల పేరు చెప్పి కంపెనీని కాపాడమంటే మాత్రం అందరికీ కన్నీళ్లే.

ఇక మిగిలింది తాత. ప్రతి పొగరాయుడికీ ఒక తాత ఉంటాడు. "మా తాత తొంబై ఏండ్లు సుట్ట తాగిండు, రాయోలె ఉన్నడు." ఉండొచ్చు. ఆయనతో పాటు చుట్ట తాగి యాభైకే పోయినవాళ్లు రచ్చబండ మీదకు వచ్చి సాక్ష్యం చెప్పరు కదా, అందుకని తాత గెలుస్తున్నాడు. శ్రీకాకుళం తీరంలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అవ్వలను అడగండి, అక్కడి అంగిలి కేన్సర్ల మీద దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నాయి. దేశంలో పొగాకు వల్ల ఏటా 13 లక్షలకు పైగా పోతున్నారు. మనవళ్లు తలా ఒక తాత లెక్కన తెచ్చినా ఆ లెక్క సరిపోదు.

మానేస్తే ఏమవుతుందో చెప్పి ముగిస్తాను. 20 నిమిషాల్లో గుండె వేగం దిగుతుంది. రోజు తిరిగేసరికి కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి వస్తుంది. ఏడాదికి గుండెజబ్బు ముప్పులో అదనపు భాగం సగానికి పడిపోతుంది. పెరిగిన గ్రాహకాలు కొన్ని వారాల్లో మళ్లీ తగ్గుముఖం పడతాయి. నొప్పి లేకుండా కాదు. మొదటి రెండు మూడు రోజులు నరకం. చిరాకు, దిగులు, నిద్రలేమి, అతి ఆకలి. మూడు నాలుగు వారాలకు నెమ్మదిస్తాయి. ఒంటరిగా సాగకపోతే డాక్టరు ఉన్నాడు, నికోటిన్ చూయింగ్ గమ్ ఉంది, మందులున్నాయి. 1800-11-2356 అని ఉచిత ఫోన్ నంబరు కూడా సర్కారు పెట్టింది. ఎక్కడ ముద్రించిందంటే సిగరెట్ పెట్టె మీద. మానడమెలాగో తెలుసుకోవాలంటే ముందు ఒక పెట్టె కొనాలన్నమాట! ఆ ఖర్చు మీకు తప్పించాలనే ఇక్కడ రాశాను.

ఆ మూడు రోజులూ ఇంట్లో అందరి మీదా అరుస్తారు. అరవండి, ఫర్వాలేదు. ఇన్నేళ్లుగా ప్రతి రెండు గంటలకూ మీ చిరాకు భరించినవాళ్లే వాళ్లు, ఇంకో మూడు రోజులకు కొత్తగా చచ్చిపోరు. తేడా ఒక్కటే. ఈసారి మీ అరుపులకు ఆఖరి తారీఖు ఉంది.